మాలాట్1 ఎంత తగ్గించినా తగ్గడం లేదు, మీ అనుభవం చెప్పండి

పైపెట్టు:
ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో మాలాట్1 అనే ఆర్ఎన్ఏ మీద పనిచేస్తున్నాను. దాన్ని తగ్గించడానికి ఎస్ఐఆర్ఎన్ఏ (ఎంచుకున్న ఆర్ఎన్ఏను కోయించే చిన్న ఆర్ఎన్ఏ ముక్క) మూడుసార్లు పెట్టాను. ఒకసారి సగానికి పడిపోయింది, రెండుసార్లు కదలనే లేదు. ప్రొటీన్ ఇవ్వని ఆర్ఎన్ఏ కాబట్టి ప్రొటీన్‌ను చూపే వెస్టర్న్ బ్లాట్‌తో సరిచూసుకునే దారీ లేదు.

చల్లనిగది:
పీసీఆర్‌తో కొలిచేటప్పుడు ఆర్‌టీ ఎంజైము (ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చేది) వేయని ట్యూబు పెట్టారా? అందులోనూ గీత లేస్తే అది నమూనాలో కలిసిన డీఎన్ఏదే. నాది వేరే ఆర్ఎన్ఏ, ఒకే ఎక్సాన్ (ఆర్ఎన్ఏలో మిగిలే జన్యు భాగం), చాలా తక్కువగా ఉంటుంది. అందుకే డీఎన్ఏను లెక్కలోకి రానివ్వకుండా ఎక్సాన్ల అతుకు మీద ప్రైమర్ (కాపీ మొదలుపెట్టే చిన్న ముక్క) పెట్టే వీలు లేదు. ఎంజైము లేని ట్యూబులోనూ 29వ సైకిల్‌కే గీత లేచింది, అసలు నమూనాలో 28వ సైకిల్‌కు. ఒక్కో సైకిల్‌కు మొత్తం రెట్టింపవుతుంది. అంటే నేను ఆరు నెలలు కొలిచింది సగం డీఎన్ఏనే! డీఎన్ఏజ్ (డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైము) వేయడానికి బద్ధకించిన ఫలితం.

సీనియర్_ఒకరు:
అది మీ విషయంలో నిజమే కానీ, మాలాట్1 కణంలో దండిగా ఉంటుంది, నాకు 18వ సైకిల్‌కే గీత వస్తుంది. దాని ముందు 29 లెక్కలోకి రాదు. తమ్ముడూ, నీ చిక్కు అది ఉండే చోటు. మాలాట్1 కేంద్రకం వదిలి రాదు, ఎస్ఐఆర్ఎన్ఏ పని ఎక్కువగా బయటే. గ్యాప్‌మర్ (ఆర్ఎన్ఏకు అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్క) వాడు. అది ఆర్ఎన్ఏజ్ హెచ్ అనే ఎంజైము చేత కేంద్రకంలోనే కోయిస్తుంది. వేర్వేరు చోట్ల అతుక్కునేవి రెండు తెప్పించు. ఒక్కదానితో వచ్చిన ఫలితాన్ని నేనైతే నమ్మను.

గాజుస్లైడు:
తగ్గించాక ఏం కనిపించాలో ముందే నిర్ణయించుకోకండి. 2003లో ఈ ఆర్ఎన్ఏకు పేరు వచ్చిందే ఊపిరితిత్తుల క్యాన్సర్ వ్యాప్తితో ముడిపడి. 2012లో మూడు బృందాలు జన్యువు తీసేసిన ఎలుకలను చూపిస్తే అవి నిక్షేపంగా ఉన్నాయి. ఇక రొమ్ము క్యాన్సర్ వచ్చే ఒకే రకం ఎలుకల్లో, 2016లో మాలాట్1 తగ్గిస్తే వ్యాప్తి తగ్గిందన్నారు. 2018లో మరో బృందం దాన్ని లేకుండా చేస్తే వ్యాప్తి పెరిగిందని, తిరిగి ఇస్తే తగ్గిందని చూపింది. వ్యాప్తికి తోడ్పడే టీడ్ అనే ప్రొటీన్‌ను అది పట్టి ఉంచుతుందని వారి వివరణ. ఎలుకలో జన్యువును ఏ పద్ధతిలో ఆపారన్నది కూడా చూడాలి. డీఎన్ఏ ముక్కను కోసేయడం, లిప్యంతరీకరణను (డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తయారీని) మధ్యలో నిలిపేయడం ఒకటి కాదు.

చల్లనిగది:
సమీక్షా వ్యాసాల్లో ‘ఆంకోజీన్’ (క్యాన్సర్‌ను పెంచే జన్యువు) అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇదంతా ఎవరూ చెప్పరు.

పైపెట్టు:
ఈ వారం కేంద్రకాన్ని, సైటోప్లాజాన్ని విడదీసి చూశాను. దాదాపు అంతా కేంద్రకంలోనే ఉంది. ఎంజైము లేని ట్యూబు శుభ్రంగా వచ్చింది. గ్యాప్‌మర్లు రెండు ఎంచుకున్నాను, ధర మా గైడ్‌గారికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.