ఊక బొగ్గుతో మైక్రోవేవ్ అబ్జార్బర్: ఒకసారి తేడానే లేదు, ఇంకోసారి అద్దంలా తయారైంది

ప్రశ్న (ఎంటెక్ విద్యార్థి):
అందరికీ నమస్కారం. వ్యవసాయ వ్యర్థాలతో ఎక్స్ బ్యాండ్‌లో, అంటే 8.2 నుంచి 12.4 గిగాహెర్ట్జ్ మధ్య, మైక్రోవేవ్‌ని పీల్చుకునే పదార్థం చేయడం నా ప్రాజెక్టు. రైస్ మిల్లు నుంచి ఊక తెచ్చి, కడిగి ఆరబెట్టి, మఫిల్ ఫర్నేస్‌లో (ల్యాబ్ కొలిమి) 700 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాను. లేత బూడిద రంగు పొడి వచ్చింది. పారఫిన్ మైనంలో కలిపి కొలిస్తే, ఉత్త మైనం పెట్టినట్టే ఉంది. సరేలే అని కొబ్బరి చిప్పలు నైట్రోజన్‌లో 1000 డిగ్రీల దాకా కాల్చి, మైనంలో సగానికి సగం కలిపాను. ఈసారి ఎస్21 (శాంపిల్ దాటి అవతలికి వెళ్లిన సిగ్నల్ కొలత) మైనస్ 30 డీబీ, అంటే పవర్‌లో వెయ్యో వంతే, వచ్చింది! సంబరపడుతుంటే మా గైడ్ గారు "ఇది అబ్జార్బర్ కాదయ్యా, అద్దం" అన్నారు. వచ్చే నెలే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

జవాబు (రీసెర్చ్ స్కాలర్, మెటీరియల్స్):
తమ్ముడూ, మొదటిసారి నువ్వు చేసింది బొగ్గు కాదు, బూడిద. ఫర్నేస్‌లో గాలి ఉంటుంది కాబట్టి కార్బన్ కాలిపోయి సిలికా మిగిలింది. బాగా కాలిన ఊక బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికానే. అది వేవ్‌ని దాదాపు అలాగే వదిలేస్తుంది. తూకం వేస్తే ఇట్టే తెలిసిపోతుంది: 100 గ్రాముల ఊకకి 20 గ్రాముల దగ్గర్లో మిగిలితే కార్బన్ పోయినట్టే. బొగ్గయితే 35 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, నల్లగా ఉంటుంది.

నైట్రోజన్ ఫర్నేస్ ఖాళీ దొరక్కపోతే ఊకని మూత ఉన్న క్రూసిబుల్‌లో (బాగా వేడిని తట్టుకునే పాత్ర) గట్టిగా కూరి, దాన్ని ఇంకో పెద్ద క్రూసిబుల్‌లో పెట్టి, చుట్టూ మామూలు బొగ్గు పొడి నింపు. లోపలికి దూరే ఆక్సిజన్‌ని ఆ పొడే తినేస్తుంది. పూర్తిగా చల్లారేదాకా మూత మాత్రం తీయకు. నేనొకసారి తొందరపడి తీస్తే కళ్లముందే రాజుకుంది. రెండు రోజుల పని బూడిదపాలు, అక్షరాలా.

జవాబు (మైక్రోవేవ్ ల్యాబ్‌లో పనిచేసినవారు):
మీ గైడ్ గారి మాటే నిజం. ఎస్21 తక్కువ వస్తే వేవ్ అవతలికి పోలేదని మాత్రమే అర్థం. లోపల ఇంకిందా, వెనక్కి పోయిందా అన్నది ఎస్11, అంటే వెనక్కి తిరిగొచ్చిన సిగ్నల్ కొలత, చెబుతుంది. అదెంత వచ్చింది?

విద్యార్థి:
మైనస్ 1.2 డీబీ అండి.

జవాబు (మైక్రోవేవ్ ల్యాబ్):
అంటే 76 శాతం పవర్ గుమ్మం దగ్గరే తిరిగిపోయింది. 1000 డిగ్రీల్లో కాలిన బొగ్గు కరెంటుని బాగా పంపుతుంది, పైగా సగం అదే నింపారు. లోపలికి రానిస్తేనే కదా మింగేది! 650, 700, 750 డిగ్రీల్లో ఊక బొగ్గు చేసి, ఒక్కోదాన్ని బరువులో 20, 30, 40 శాతం కలిపి చూడండి. అందులోని సిలికాని కాస్టిక్ సోడాతో ఇప్పుడే తీసేయకండి. వేవ్ లోపలికి రావడానికి అది సాయమే చేస్తుంది.

మందం కూడా ముఖ్యం. 10 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలో తరంగదైర్ఘ్యం 30 మి.మీ. మీ మిశ్రమం పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే సంఖ్య) 9 అయితే లోపల అది 10 మి.మీ. అవుతుంది. వెనక లోహపు రేకు పెట్టినప్పుడు అందులో నాలుగోవంతు, అంటే 2.5 మి.మీ. మందం దగ్గర మంచి రిజల్ట్ వస్తుంది. రిఫ్లెక్షన్ లాస్ (రేకు పెట్టినప్పుడు వెనక్కి వచ్చే పవర్ ఎంత తగ్గిందో చెప్పేది) మైనస్ 10 డీబీ అంటే 90 శాతం, మైనస్ 20 అంటే 99 శాతం పీల్చుకున్నట్టు. పేపర్లలో కనిపించే మైనస్ 50లు చాలావరకు ఫార్ములాతో లెక్కగట్టినవి, రేకు మీద కొలిచినవి కావు. వాటిని చూసి బెంబేలెత్తకండి.

ఇంకో సభ్యుడు:
ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి, వేడెక్కుతుందో లేదో చూస్తే సరిపోదా?

జవాబు (మైక్రోవేవ్ ల్యాబ్):
వద్దండి. బొగ్గు నిప్పురవ్వలు కొడుతుంది, మైనం కరిగి అంటుకుంటుంది. పైగా ఓవెన్ నడిచేది 2.45 గిగాహెర్ట్జ్ మీద. అక్కడ వేడెక్కినంత మాత్రాన 10 దగ్గర పనిచేస్తుందని చెప్పలేం.

విద్యార్థి (పది రోజుల తర్వాత):
క్రూసిబుల్ చిట్కా పనిచేసింది అన్నా! 100 గ్రాములకి 36 గ్రాములు, కాటుకలా నల్లగా వచ్చింది. కానీ ఒకే శాంపిల్‌కి పొద్దున ఒక రీడింగ్, సాయంత్రం ఇంకొకటి.

జవాబు (రీసెర్చ్ స్కాలర్):
బొగ్గు తేమని లాగేస్తుంది. మైనంలో కలిపే ముందు 110 డిగ్రీల్లో రాత్రంతా ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ తగలకుండా దాచే మూత పాత్ర) పెట్టు. వేవ్‌గైడ్ (శాంపిల్ పెట్టి కొలిచే లోహపు గొట్టం) లోపలి కొలత 22.86, 10.16 మి.మీ. శాంపిల్ అంచుల్లో వెంట్రుకంత సందున్నా పర్మిటివిటీ తక్కువ చూపిస్తుంది. కాస్త పెద్దదిగా పోసి, సన్న ఎమెరీ పేపర్‌తో రుద్దుకుంటూ బిగుతుగా దిగేలా చెయ్.