అప్‌డేట్: టేబుల్ ఇంకా మొదలుకాలేదు, స్టూల్ మాత్రం అయింది

నేరుగా డైనింగ్ టేబుల్ చేసేయొచ్చా, ముందు చెక్కపని నేర్చుకోవాలా అని అడిగాను కదా. కోత, చిత్రిక, ఉలి ముందు చేతికి రావాలని ఎక్కువమంది అన్నారు. అదే పట్టుకున్నాను. కంచరపాలెంలో మా వీధి చివర ఉన్న వడ్రంగి మేస్త్రీ దగ్గర ఆదివారాలు కూర్చుంటున్నాను.

ఆయన మొదట రంపం ఇవ్వలేదు, మూలమట్టం (మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో లేదో చూసే L ఆకారపు పనిముట్టు) ఇచ్చారు. చెక్క అంచుకి ఆనించి ఒక గీత గీయాలి, మట్టాన్ని తిరగేసి అదే చోట ఇంకో గీత. రెండూ కలిస్తే మట్టం సరైనది. నేను కొన్న కొత్తది తేడా కొట్టింది! తర్వాత కోత. గీత మీద కాదు, పనికిరాని ముక్క వైపు కోయాలి. రంపం తినేసే చెక్క కూడా లెక్కేగా. ఉలిని 25 డిగ్రీల వాలుతో సానపట్టడం మాత్రం మహా విసుగు. కానీ మొద్దు ఉలికే బలం ఎక్కువ పెడతాం, జారి చేతికి తగిలేది అదే.

పాత ప్యాకింగ్ పెట్టెల చెక్కతో, ఒక ముక్క చివర కుసి (నాలుకలా పొడుచుకొచ్చే భాగం) చెక్కి, ఇంకో ముక్కలో తీసిన బెజ్జంలో దిగ్గొట్టి ఒక స్టూల్ చేశాను. కొంచెం ఊగుతుంది. అమ్మ దాని మీద తులసి కుండీ పెట్టేసింది.

టేబుల్‌కి పనికొచ్చే సంగతి ఒకటి తెలిసింది. మన వైజాగ్ తేమకి పలక అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. అందుకే పైపలకని ఫ్రేముకి జిగురుతో బిగించేయకుండా, పలక కదలడానికి చోటుండేలా కోలగా తీసిన కన్నాల్లో స్క్రూలు వేయాలి. టేకు ధర విన్నాక మామిడి చెక్కకే ఫిక్సయ్యాను, పురుగు మందు పట్టించి.