హోస్ తగిలిస్తేనే కారే క్విక్ కప్లర్: ఓ-రింగ్ మార్చినా ఆగని ఆయిల్

మెట్టసాగు:
మా ట్రాక్టరు వెనుకనున్న హైడ్రాలిక్ కప్లర్లలో (హోస్ తగిలించే జోడింపులలో) ఒకటి కారుతోంది. హోస్ తీసి ఉంచితే చుక్క కూడా రాదు. రివర్సిబుల్ నాగలి హోస్ తగిలించి, నాగలిని తిప్పడానికి లివర్ లాగిన క్షణంలో మాత్రం కాలరు చుట్టూ ఆయిల్ ఊరి డ్రాబారు మీదికి జారుతోంది. లోపలి ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు పొడిగా ఉండి, మళ్లీ మొదటికి వస్తోంది. కప్లర్‌ను విప్పకుండానే రింగ్ ఎక్కించే సరైన పద్ధతి ఏమిటో, బ్యాకప్ రింగ్ తప్పనిసరో కాదో, మొత్తం కప్లర్ మార్చడమే మేలా అన్నదీ చెప్పగలరు. డస్ట్ క్యాప్‌లలో రబ్బరువి నయమా, ప్లాస్టిక్‌వి నయమా అన్న సందేహం కూడా ఉంది.

రాత్రిదుక్కి:
మొత్తం మార్చేయండి, కానీ మరలు చూసి మార్చండి. నేను కొత్త కప్లర్ బిగించాక లోపలి కారుడు ఆగి, వెనుక మరల దగ్గర కొత్త కారుడు మొదలైంది. అర అంగుళం సైజులో ఎన్‌పీటీకి (అమెరికన్ పైపు మర), బీఎస్‌పీకి (బ్రిటిష్ పైపు మర) అంగుళానికి 14 మరలే ఉంటాయి కాబట్టి ఒకదానిలో ఒకటి రెండు మూడు చుట్లు చక్కగా ఎక్కుతుంది. మర కోణం ఒకదానికి 60 డిగ్రీలు, మరొకదానికి 55 డిగ్రీలు కావడం వల్ల ఎంత బిగించినా సందు మిగిలే ఉంటుంది. అమ్మిన వ్యక్తి మాత్రం “ఇంకొంచెం టేపు చుట్టండి” అని సలహా ఇచ్చి పంపాడు.

ఇనుపనాగలి:
టేపు మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. సమాంతర మరలకు టెఫ్లాన్ టేపు చుట్టడమంత పనికిమాలిన పని లేదు. అక్కడ సీలు చేసేది డౌటీ వాషరో (లోపలి అంచుకు రబ్బరు అంటించిన లోహపు వాషరు), ఓ-రింగో తప్ప మరలు కావు. కోసుగా ఉండే ఎన్‌పీటీకి చుట్టినా, కొన దగ్గరి మొదటి రెండు మరలు వదిలేయాలి. లేకపోతే తెగిన టేపు ముక్కలు ఆయిల్‌తో ప్రయాణించి కంట్రోల్ వాల్వులో చేరతాయి. లివర్ వదిలినా నాగలి మెల్లగా దిగిపోతుంటే, ఆ వాల్వు స్పూలు (లోపల జారే కడ్డీ) దగ్గర ఏ చెత్త ఇరుక్కుందో ముందు చూడండి.

సాలుగీత:
ప్రశ్న ఓ-రింగ్ గురించి. కప్లర్ విప్పనక్కర లేదు. కాలరు లోపల, అంచుకు కొంచెం లోతులో గాడి కనిపిస్తుంది. ఇత్తడి లేదా గట్టి ప్లాస్టిక్ కొక్కెంతో పాత రింగ్‌ను లేపి తీయాలి. ఇనుప స్క్రూడ్రైవరు గాడికి గీత పెడితే ఆ గీత వెంటే ఆయిల్ దారి చేసుకుంటుంది. కొత్త రింగ్‌కు ఆయిల్ రాసి, వేళ్ల మధ్య చిక్కుడు గింజ ఆకారంలో నొక్కి లోపలికి జొనిపితే, ఒక అంచు గాడిలో కూర్చుంటుంది, మిగతాది వేలికొసతో చుట్టూ తోసుకుంటూ వెళ్లాలి. బ్యాకప్ రింగ్ అంటే పలుచగా, తెల్లగా, ఒకచోట కోతతో ఉండేది. ఒత్తిడి ట్రాక్టరు వైపు నుంచి వస్తుంది కాబట్టి ఓ-రింగ్ లోపలి వైపు, బ్యాకప్ రింగ్ బయటి వైపు ఉండాలి. తారుమారు చేస్తే అది ఉన్నా లేనట్లే. చాలా ట్రాక్టర్లలో ఒత్తిడి 150 నుంచి 200 బార్ వరకు ఉంటుంది. ఆ ఒత్తిడికి రబ్బరు సందులోకి పిండుకుపోయి అంచు తురుముకుపోకుండా ఆపేది ఈ తెల్ల రింగే.

పాతబండి:
ఇంత శాస్త్రం అవసరం లేదు. ఎండలో ఉన్న నాగలి హోస్ ఎక్కకపోతే, హోస్ వైపుండే మేల్ కప్లర్ కొసన పాపెట్ (నొక్కితే తెరుచుకునే చిన్న వాల్వు) మీద సుత్తితో చిన్న దెబ్బ వేస్తే చిమ్మి ఒత్తిడి దిగిపోతుంది, ఆ తర్వాత హాయిగా ఎక్కుతుంది. ఏళ్ల తరబడి ఇదే చేస్తున్నాను, ఏ రింగూ పోలేదు.

పానాపట్టు:
హైడ్రాలిక్ మరమ్మతులే నా వృత్తి. పాతబండి గారి పోస్టు చదివాక మౌనంగా ఉండలేకపోతున్నాను. నా బల్ల మీదికి వచ్చే “రింగ్ నిలవడం లేదు” కేసులలో ఎక్కువ భాగం సుత్తి చలవే. దెబ్బ ఎప్పుడూ పాపెట్ నడినెత్తిన పడదు, జారి మేల్ కప్లర్ ముక్కు అంచు మీద పడుతుంది. అంచు కొద్దిగా సొట్టపోయి, గోటికి మాత్రమే తగిలే ముల్లు లేస్తుంది. తగిలించిన ప్రతిసారీ ఆ ముల్లు కొత్త రింగ్‌ను ఒకే చోట చెక్కుతూ పోతుంది. అందరూ ఆయిల్ ఎక్కడ ఊరుతోందో అక్కడే, అంటే ట్రాక్టరు వైపుండే ఫీమేల్ కప్లర్‌లోనే దోషం వెతుకుతారు. దోషం తగిలించిన వస్తువుతో పాటే వచ్చి, దానితో పాటే వెళ్లిపోతుంది. మెట్టసాగు గారు పాత రింగ్ పారేయకుండా ఉంటే వెలుతురులో చూడాలి. చుట్టూ చదునైపోయి ఉంటే వేడికో వయసుకో అలసిపోయిందని, ఒక అంచు చుట్టూ కొరికినట్లుంటే బ్యాకప్ రింగ్ లేదని, ఉబ్బి మెత్తబడితే ఏదో సరిపడని ద్రవం తగిలిందని, ఒకే చోట నెలవంకలా తెగి ఉంటే మేల్ ముక్కులో ముల్లు ఉందని అర్థం.

పాతబండి:
వృత్తి అన్నంత మాత్రాన వేదం కాదు. సుత్తి వాడటం చేతకాని వారి తప్పును సుత్తికి అంటగట్టకండి. నేను నేరుగా కొట్టను, చెక్క ముక్క అడ్డం పెట్టి నొక్కుతాను.

పానాపట్టు:
మొదటి పోస్టులో చెక్క ముక్క లేదు, ఇప్పుడు మొలిచింది. అది ఉన్నా చిమ్మే ఆయిల్ ఆగదు కదా.

ఇనుపనాగలి:
అసలు ప్రమాదం అదే, రింగ్ ఖర్చు కాదు. సన్నని ధారగా చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళుతుంది. పైకి గుండుసూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా అంతగా ఉండకపోవచ్చు, కానీ లోపల కండ కుళ్లడం మొదలవుతుంది. గంటల వ్యవధిలో శస్త్రచికిత్స జరగకపోతే వేలో, చెయ్యో తీసేయవలసి రావచ్చు. కట్టు కట్టి పంపబోయినా, “అధిక ఒత్తిడిలో ఆయిల్ లోపలికి వెళ్లింది” అని వైద్యునికి గట్టిగా చెప్పాలి. కారే చోటును చేత్తో తడిమి వెతకడం కూడా మానండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

పాతబండి:
భయపెట్టడం తేలిక. ఎండలో బిగుసుకున్న హోస్‌ను మీరెలా ఎక్కిస్తారో చెప్పండి, నేర్చుకుంటాను.

సాలుగీత:
బిగుసుకోకుండా ముందే చూసుకుంటాము. హోస్ తీసే ముందు నాగలిని నేల మీద పూర్తిగా దించి, ఇంజన్ ఆపి, లివర్‌ను ఫ్లోట్‌లో (ఆయిల్ రెండు వైపులా స్వేచ్ఛగా కదిలే స్థానంలో) పెట్టడమో, రెండు వైపులా నాలుగైదు సార్లు ఆడించడమో చేస్తే హోస్‌లలో ఒత్తిడి మిగలదు. మీటలు విద్యుత్‌తో పనిచేసే ట్రాక్టరైతే తాళం ఆన్‌లో ఉంచాలి.

పాతబండి:
ఒత్తిడి దించే తీసినా మధ్యాహ్నానికి మళ్లీ బిగుసుకుంటుంది. మీరు చూసి ఉండరు.

పానాపట్టు:
ఆ మాట వరకు నిజం. కదలని మూసిన పాత్రలో నిండుగా ఉన్న ఆయిల్ ఒక్క డిగ్రీ వేడెక్కితే ఒత్తిడి సుమారు 10 బార్ పెరుగుతుంది. హోస్ కొంత సాగుతుంది కాబట్టి అంత పెరగదు కానీ, చేత్తో ఎక్కకపోవడానికి అందులో సగం చాలు. దానికి మందు సుత్తి కాదు. నీడలో ఉంచి చల్లారనివ్వడం ఒక మార్గం. పాపెట్‌ను స్క్రూతో మెల్లగా నెట్టి, ఆయిల్‌ను గొట్టం ద్వారా డబ్బాలోకి దించే చిన్న పరికరం మరొకటి. ఒత్తిడి ఉన్నా తగిలించడానికి అనువైన ఫీమేల్ కప్లర్లు కూడా దొరుకుతాయి. ఇవేవీ ఒప్పుకోని వారికి చెప్పగలిగింది నా దగ్గర లేదు.

రాత్రిదుక్కి:
ఇద్దరూ కొంచెం తగ్గండి.

చుక్కలెక్క:
కొద్దిగా కారితే ఏమిలే అనుకునే వారి కోసం ఒక లెక్క. చుక్క 0.05 మిల్లీలీటరు అనుకుంటే, సెకనుకో చుక్క చొప్పున గంటకు 180 మిల్లీలీటర్లు, పది గంటల దుక్కిలో దాదాపు రెండు లీటర్లు పోతుంది. చాలా ట్రాక్టర్లలో హైడ్రాలిక్‌కు, గేర్లకు, వెనుక ఇరుసుకు ఒకటే ఆయిల్ కాబట్టి, మట్టం తగ్గితే లిఫ్టుకే కాదు, గేర్లకూ చేటు. మరొకరి పనిముట్టు తగిలిస్తే దానిలోని ఆయిల్, అందులోని మురికి మీ గేరుబాక్సులోకే వస్తాయి.

లోడరుబండి:
వైటాన్ రబ్బరు రింగులు వేయండి, సమస్య తీరుతుంది.

పానాపట్టు:
తీరదు. వైటాన్ గొప్పతనం 200 డిగ్రీల వేడిని తట్టుకోవడం. మామూలు నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల వరకు పనిచేస్తుంది, ట్రాక్టరు ఆయిల్ అంతకన్నా వేడెక్కితే మీకు రింగ్ కన్నా పెద్ద సమస్య ఉన్నట్లు. ముల్లు దేన్నయినా కోస్తుంది. రకం కన్నా గట్టిదనం చూడండి. 70 షోరు రింగ్ కన్నా 90 షోరు రింగ్ సందులోకి తక్కువగా పిండుకుపోతుంది.

లోడరుబండి:
నేను ఫ్లాట్ ఫేస్ కప్లర్లకు మారాను. ముఖం నున్నగా ఉండటం వల్ల గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే మట్టి పోతుంది, తీసేటప్పుడు కారేది నామమాత్రం. అయితే పనిముట్లన్నింటికీ అవే వేయాలి, పాత పాపెట్ రకంతో ఇవి కలవవు. మిగిలిన ఒత్తిడి మీద ఎక్కడానికి ఫ్లాట్ ఫేస్‌లోని మామూలు రకం ఇంకా మొండికేస్తుంది కాబట్టి, ఎండ గొడవకు ఇది జవాబు కాదని నేనే చెబుతున్నాను.

మెట్టసాగు:
పాత రింగులలో ఒకటి దొరికింది, ఒకచోట నెలవంకలా తెగి ఉంది. మేల్ ముక్కు చుట్టూ గోరు తిప్పితే ఒకచోట పట్టుకుంటోంది. అదే హోస్‌ను ఇంతవరకు కారని పక్క కప్లర్‌కు తగిలిస్తే, కొద్ది రోజులకే అదీ ఊరడం మొదలుపెట్టింది. ఫీమేల్ కప్లర్ జోలికి వెళ్లకుండా మేల్ కప్లర్ మాత్రం మారుస్తున్నాను.

సాలుగీత:
మార్చేటప్పుడు ప్రమాణం ఐఎస్‌ఓ 7241 ఏ సిరీస్ అవునో కాదో చూసుకోండి. బీ సిరీస్ పక్కపక్కన పెడితే అలాగే అనిపిస్తుంది కానీ ఏ సిరీస్‌లోకి ఎక్కదు. కొత్తది వేశాక రెండు ఫీమేల్ కప్లర్లలోనూ రింగులు మార్చండి, ముల్లు ఇప్పటికే రెండింటినీ కోసి ఉంటుంది.

పాతబండి:
ముల్లు ఉన్నంత మాత్రాన సుత్తే కొట్టిందని రుజువు కాదు. హోస్ చేజారి రాతి మీద పడినా ముక్కు సొట్టపోతుంది.

పానాపట్టు:
పోవచ్చు. రాతి మీద పడితే దెబ్బ ముక్కు అంచుకే తగులుతుంది. పాపెట్ కాస్త లోపలికి ఉంటుంది కాబట్టి దాని కొస నున్నగానే మిగులుతుంది. సుత్తి తిన్న పాపెట్ కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. మెట్టసాగు గారు పాత మేల్ కప్లర్ పారేసే ముందు దాని పాపెట్ కొసను దగ్గరగా ఫొటో తీసి ఇక్కడ పెట్టగలరు.