పట్నంలో ఉండిపోయేది కూలి కోసమేనా?

పాలమూరు వాసి:
మా వైపు నుంచి హైదరాబాద్‌కు బిల్డింగ్ పనులకు పోయినవాళ్ళలో చాలామంది తిరిగి రావట్లేదు. జూరాల, కల్వకుర్తి నీళ్ళు పారిన ఊళ్ళవాళ్ళు కూడా కొందరు అక్కడే ప్లాటు కొనుక్కున్నారు. ఊళ్ళో పని దొరికితే వలస ఆగుతుందని ఎప్పటినుంచో వింటున్నాం. మరి వీళ్ళెందుకు రారు? నేననుకోవడం కూలి తేడానే కారణం.

వర్లీ మనవడు:
కూలి ఒక్కటే అంటే ఒప్పుకోనన్నా. మా తాత కరీంనగర్ వైపు నుంచి బొంబాయి మిల్లు పనికి పోయాడు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలైంది. ఆ దెబ్బకు వేలమంది పని పోయింది. కూలి కోసమే ఉన్నవాళ్ళయితే అప్పుడే వచ్చెయ్యాలి కదా! కొందరు వచ్చారు కూడా. మా తాత మాత్రం భీవండిలో పవర్‌లూమ్ పట్టుకున్నాడు. అప్పటికే పిల్లలు మరాఠీ బడిలో చదువుతున్నారు. ఊళ్ళో మగ్గం అమ్మేశాడు, ఇల్లు అన్నదమ్ముల పంపకంలో పోయింది. వచ్చి ఎక్కడ దిగాలి? షోలాపూర్ పద్మశాలీలను చూడండి. తరాలు గడిచినా ఇంట్లో తెలుగే, పెళ్ళి సంబంధాలూ అక్కడే కలుపుకుంటారు. నా లెక్కలో పని మనిషిని తీసుకుపోతుంది, పిల్లల చదువూ పెళ్ళీ అక్కడ నిలబెడతాయి.

పాలమూరు వాసి:
2020 లాక్‌డౌన్ సంగతేంటి తమ్ముడూ? మే 1న వలస కూలీలను ఊళ్ళకు చేర్చే మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హతియాకు పోయింది. పని ఆగగానే అంతమంది ఊరి దారి పట్టారు కదా.

వర్లీ మనవడు:
ఎక్కువగా సైటు షెడ్లలో ఒంటరిగా ఉండేవాళ్ళకే ఆ కష్టం వచ్చిందన్నా. అద్దెకైనా ఒక గది, రేషన్, పిల్లల బడి ఉన్న కుటుంబం అంత తొందరగా కదలదు.

కొడంగల్ ఆడబిడ్డ:
మీరిద్దరూ మగవాళ్ళ లెక్కే చెప్తున్నారన్నా. నాలుగిళ్ళలో పనిచేస్తే నా జీతం నా చేతికే వస్తుంది. ఊళ్ళో కూలికి పోతే అది మా మామ చేతికి పోయేది. ఇంకొకటి, మా వాడను ఊరి చివర పెట్టిన సంగతి ఎవరూ ఎత్తలేదు. అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో పల్లెను అంత గట్టిగా ఎందుకు తప్పుపట్టారో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పట్నంలోనూ ఇల్లు అద్దెకిచ్చే ముందు కులం అడుగుతారు, అది నిజమే. కానీ కూలి అడ్డా మీద, బస్సులో ఎవరూ అడగరు. ఊళ్ళో రెండింతల కూలి ఇస్తామన్నా నేను రాను. నా బిడ్డనూ పంపను.

పాలమూరు వాసి:
నువ్వు చెప్పింది నేను ఆలోచించలేదమ్మా. అయితే ఊళ్ళోనే ఉండిపోయిన మీ అమ్మానాన్నల సంగతేంటి? వాళ్ళను కూడా పట్నం తీసుకుపోతారా?