పక్కకి తిరిగితే కళ్లు తిరుగుతున్నాయి, చెవిలో నీళ్లు పోసే టెస్టు నొప్పా?

అమ్మకి మంచం మీద పక్కకి ఒత్తిగిలితే చాలు, గది గిర్రున తిరుగుతోందట, కుడి చెవి కూడా మందం. గుంటూరు కొత్తపేటలో చూపిస్తే ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష), చెవిలో నీళ్లు పోసే టెస్టు రాశారు. ఆవిడకి ఒకటే టెన్షన్.

జవాబు 1: నొప్పేం ఉండదండీ. 30 డిగ్రీల నీళ్లు ఒకసారి, 44 డిగ్రీలవి ఒకసారి పోసి కళ్లు ఎలా కొట్టుకుంటున్నాయో చూస్తారు. ఆ కాసేపూ బాగా తిప్పుతుంది, కడుపు నిండా తిని వెళ్లొద్దు, వచ్చేటప్పుడు ఆటో ఎక్కండి.

జవాబు 2: ముందు డిక్స్-హాల్‌పైక్ అనే కళ్లు తిరుగుడు పరీక్ష చేశారా? తల 45 డిగ్రీలు పక్కకి తిప్పి, గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టి, తల మంచం అంచు కిందికి వాల్చి కళ్లు గమనిస్తారు, మిషన్ లేకుండా కూడా అయిపోతుంది. పాజిటివ్ వస్తే ఎప్లీ (తలని వరసగా అటూ ఇటూ తిప్పి చేసే చికిత్స) అక్కడికక్కడే చేయొచ్చు. మెడనొప్పి ఉంటే ముందే చెప్పండి.

జవాబు 3: ఆడియోమెట్రీకి ముందు గులిమి ఉందేమో చూపించండి. శబ్దం లీలగా వినపడినా బటన్ నొక్కాలి, మా నాన్నలా గట్టిగా వినపడేదాకా ఆగితే రిపోర్టే తప్పొస్తుంది.