వంశధార వెంబడి రెండు రోజులు: ముఖలింగం, బుడితి, పర్లాకిమిడి – ఏం చూడాలి, ఏం కొనాలి?

అడిగినవారు: సాగరతీరం_77
డిసెంబరులో విశాఖ నుంచి సొంత కారులో బయలుదేరుతున్నాం. నలుగురం, అందులో ఇద్దరు పెద్దవాళ్లు. చేతిలో ఉన్నది రెండు రోజులు. శాలిహుండం, శ్రీముఖలింగం, సరిహద్దు దాటి పర్లాకిమిడి చూడాలని ఉంది. కంచు సామాన్లు బుడితిలోనే, చేసేవాళ్ల దగ్గరే కొనాలనుకుంటున్నాం. ఏ వరసలో వెళ్తే వెనక్కి తిరగక్కర్లేదు? కంచనుకుని ఇత్తడి కొనకుండా ఎలా గుర్తుపట్టాలి?

గొట్టా_గట్టు
నది సముద్రంలో కలిసేచోట మొదలుపెట్టి పైకి వెళ్లండి. పొద్దున్నే శ్రీకాకుళం నుంచి గార వైపు తిరిగితే శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ మీది బౌద్ధ స్తూపాలు అవి. మెట్లున్నాయి కాబట్టి ఎండ ఎక్కకముందే ఎక్కేయాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కింద నీడలో కూర్చోబెట్టడమే మేలు. అక్కణ్నుంచి కళింగపట్నం దగ్గరే. లైట్‌హౌసు, నది కలిసేచోటు చూసుకుని మళ్లీ హైవే ఎక్కి నరసన్నపేట మీదుగా ముఖలింగం చేరండి.

మధ్యాహ్నం గుడి తలుపులు వేస్తారు, ఆ వేళకు చేరకుండా చూసుకోండి. చాలామంది మధుకేశ్వరుణ్ని దర్శించుకుని కారెక్కేస్తారు. ఊళ్లో భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు కూడా ఉన్నాయి. సోమేశ్వరాలయానికి ముందు మండపం లేదు. గర్భగుడి, దాని మీద నిటారుగా లేచిన శిఖరం, అంతే. భువనేశ్వర్ గుళ్లు చూసినవాళ్లకు ఆ పోలిక వెంటనే తడుతుంది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే అంటారు మరి.

స్నానానికి దిగితే ఊరివాళ్లు దిగే రేవులోనే దిగండి. డిసెంబరులో నీరు తక్కువే, కానీ ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు.

సాయంత్రానికి బుడితి, రాత్రి బస పర్లాకిమిడి. నరసన్నపేట నుంచి పాతపట్నం వెళ్లే రోడ్డులో సారవకోట మండలంలోనే బుడితి. పాతపట్నం దాటి మహేంద్రతనయ వంతెన ఎక్కితే అవతల ఒడిశా. మీ సొంత బండికి పర్మిట్ గొడవ లేదు. పసుపు నంబరు ప్లేటు టాక్సీ అయితే ఆలిండియా పర్మిట్ ఉందో లేదో ముందే అడగండి, లేకపోతే అవతలి పన్ను మీ నెత్తిన పడుతుంది. ఆర్‌సీ, ఇన్సూరెన్సుతో పాటు పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా తాజాగా ఉండాలి.

కంచుగిన్నె
కంచు సంగతి నేను చెప్తాను. కంచంటే రాగి, తగరం. ఇత్తడంటే రాగి, జింకు. కంచులో సుమారు నాలుగు వంతులు రాగి, ఒక వంతు తగరం. తగరం ఖరీదు కాబట్టే కంచు ధర ఇత్తడికంటే బాగా ఎక్కువ. గిన్నెను అరచేతిలో పెట్టుకుని అంచు మీద గోటితో మీటండి. మంచి కంచు ఖంగున మోగి చాలాసేపు సాగుతుంది, ఇత్తడి టక్కుమని ఆగిపోతుంది. చేత్తో గట్టిగా పట్టుకుంటే ఏదీ మోగదు, అరచేతిలో ఆనించాలంతే. మోత చిరచిరలాడితే పగులుందని అర్థం, పక్కన పెట్టేయండి. అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుమే.

బరువు తూచి అమ్ముతారు కాబట్టి లోహం ధర, పని కూలి విడివిడిగా చెప్పమనండి. పాత సామాను తీసుకుంటారేమో కూడా అడగండి.

కంచును ఎర్రగా కాల్చి, వేడి మీదే సాగగొడతారు. చల్లారాక అది పెళుసు. కాబట్టి కింద పడి సొట్టపోతే ఇంట్లో సుత్తి పట్టుకోవద్దు, చీలిపోతుంది. కారులో ఒక్కో గిన్నెకు గుడ్డ చుట్టి, మధ్యలో పాత పేపర్లు కుక్కాలి. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచాలంటే కళాయి తప్పనిసరి, లేకపోతే చిలుము పడుతుంది. కంచు కంచంలో తినడానికి అడ్డేం లేదు గానీ, పెరుగూ పులుసూ రాత్రంతా ఉంచొద్దు.

రెండుభాషల_ఊరు
పర్లాకిమిడిలో భాష గురించి బెంగ అక్కర్లేదు, బజారులో తెలుగు నడుస్తుంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ఊరు అటు వెళ్లింది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది, సవర భాష మీద పని మొదలుపెట్టింది ఇక్కడే. ఆ ఒక్క కారణానికైనా తెలుగువాళ్లు ఓసారి చూడాల్సిన ఊరు.

ఇక్కడ కొనాల్సింది కొమ్ముతో చేసిన బొమ్మలు: కొంగలు, రొయ్యలు, దువ్వెనలు. అసలు కొమ్మును వెలుతురుకు పెట్టి చూస్తే పొరలు, చారలు కనిపిస్తాయి. ప్లాస్టిక్ అయితే రంగు అంతటా ఒకేలా ఉంటుంది. పశువుల కొమ్ముదే తీసుకుని బిల్లు రాయించుకోండి. జింక కొమ్మని ఎవరైనా చూపిస్తే ముట్టుకోవద్దు, వన్యప్రాణి చట్టం కింద కొన్నవాళ్లూ ఇరుక్కుంటారు. కొమ్ము బొమ్మను ఇంటికి తెచ్చాక ఎండ తగిలే కిటికీలో పెడితే వంకర్లు పోతుంది. అప్పుడప్పుడు చుక్క కొబ్బరి నూనె రాస్తే చాలు.

ఒడిశాలోనే ఉన్న చంద్రగిరి టిబెటన్ మఠం మాత్రం ఈ రెండు రోజుల్లో ఇరికించకండి. ఘాట్ రోడ్డు, రానూపోనూ ఒక రోజు తినేస్తుంది.

సాగరతీరం_77
చాలా థ్యాంక్సండీ. తిరుగు ప్రయాణంలో పలాస వెళ్లి జీడిపప్పు తెచ్చుకోవచ్చా?

గొట్టా_గట్టు
పాతపట్నం నుంచి టెక్కలి వైపు దిగండి. పక్కనే తేలినీలాపురం ఉంది. డిసెంబరులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. పలాస మీకు ఎదురు దిక్కు. రెండు కిలోల కోసం అయితే వెళ్లొద్దు, టెక్కలిలో తీసుకోండి.

గ్రేడు అంకె చూసి కొనండి. డబ్ల్యూ 320 అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 320కి మించకుండా గుళ్లు. 100 గ్రాములు తూపించి లెక్కపెట్టండి: 70 లోపు వస్తే 320, 53 లోపు వస్తే 240. 320 సరుకుకు 240 ధర చెప్పడం మామూలే. ఒక గుండును విరిచి చూడండి, పుటుక్కున విరగాలి. వంగితే చెమ్మ ఉన్నట్టు, నెల తిరక్కుండా ముక్క వాసన వస్తుంది.