ఫ్లో ఇంజెక్షన్ మెషిన్‌లో నైట్రేట్ పీక్‌కి రెండు కొమ్ములు వస్తున్నాయి, ఎందుకు?

నల్లగొండ_ల్యాబ్:

అందరికీ నమస్తే. నల్లగొండలో చిన్న నీళ్ల పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నా. ఇన్నాళ్లు నైట్రేట్ చేత్తోనే చేసేవాళ్లం. పోయిన నెల మా ఓనర్ సెకండ్‌హ్యాండ్‌లో ఫ్లో ఇంజెక్షన్ అనలైజర్ కొన్నాడు, సన్న ట్యూబులో పారే ద్రవంలోకి శాంపిల్ ఎక్కించి, రంగు కలిపి చదివే మెషిన్. బిగించిన ఆయన రెండు గంటలు కూర్చొని చూపించి వెళ్లిపోయాడు, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. మెషిన్‌లో ఉన్నవి నైట్రేట్‌ని నైట్రైట్‌గా మార్చే కాడ్మియం కాలమ్, ఆ నైట్రైట్‌తో గులాబీ రంగు తెచ్చే సల్ఫానిలమైడ్, ఎన్ఈడీ రియేజెంట్లు, 540 నానోమీటర్ల దగ్గర రీడింగ్, శాంపిల్‌ని కొలిచి పంపే 300 మైక్రోలీటర్ల లూప్.

పొద్దున బాగానే ఉంటుంది. పదకొండు దాటితే బేస్‌లైన్ (శాంపిల్ లేనప్పుడు వచ్చే చదును గీత) మీద సూదులు గుచ్చినట్టు గీతలు లేస్తాయి, ఒక్కోసారి పీక్ (శాంపిల్ వచ్చినప్పుడు లేచే మొన) మధ్యలోనే లేస్తాయి. ఇంకోటి, స్టాండర్డ్‌లు (నైట్రేట్ ఎంతుందో తెలిసిన ద్రావణాలు) బుద్ధిగా ఒకే పీక్ ఇస్తాయి కానీ పొలాల బోరు నీళ్లు పెడితే కొన్నింటికి ఎద్దు కొమ్ముల్లాగా రెండు మొనలు, మధ్యలో గుంట. ఇంకో డౌటు కూడా ఉంది. బీకర్‌లో గులాబీ రంగు పూర్తిగా రావడానికి పది నిమిషాలు ఆగేవాళ్లం, ఇక్కడ అర నిమిషంలో చదివేస్తుంది. రంగు సగమే వచ్చినప్పుడు చదివితే రిపోర్టు తప్పు కాదా? సంతకం నాది కదా, అదే టెన్షన్. ఫ్లోరైడ్ కూడా దీని మీదే చేయమంటున్నాడు ఓనర్, అవుతుందా?

జడ్చర్ల_క్యూసీ:

తమ్ముడూ, ముందు పంపు ట్యూబులు చూడు. రాత్రి ఇంటికి వెళ్లేటప్పుడు క్లాంప్ లూజు చేస్తున్నావా? నేను కొత్తలో మూడు వారాలు అట్లాగే బిగించి వదిలేశా, రోలర్ కింద ట్యూబు చపాతీలాగా అయిపోయింది, ఫ్లో తగ్గి పీక్ ఆలస్యంగా రావడం మొదలైంది. నేనేమో సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నా. ఒక్కో ట్యూబును కొలజాడీలో పెట్టి ఐదు నిమిషాల్లో ఎన్ని మిల్లీలీటర్లు లాగుతుందో రాసుకో, వారానికోసారి అదే కొలత తీసి పోల్చు. తేడా కనబడితే ఆలోచించకుండా మార్చేయ్. మెషిన్ మొత్తంలో చవకైన భాగం అదే, అందరూ పిసినారితనం చూపించేదీ దాని మీదే.

పాత_లెక్చరర్:

ట్యూబుల సంగతి నిజమే కానీ, ట్యూబు అరిగితే పొద్దున కూడా అరిగే ఉంటుంది కదా బాబూ. పదకొండు తర్వాతే ఎందుకు? రియేజెంట్లు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెడుతున్నావా? ఎండాకాలం నల్లగొండలో గది ఎట్లా కాగుతుందో చెప్పాల్సిన పని లేదు. చల్లటి నీళ్లలో గాలి ఎక్కువ కరిగి ఉంటుంది, వేడెక్కేకొద్దీ సన్న బుడగలుగా బయటికి వస్తుంది. ఫ్రిజ్ నీళ్లు గ్లాసులో పోసి కాసేపు వదిలేస్తే లోపల గోడకు సన్న సన్న పూసలు పట్టడం చూసే ఉంటావు, రంగు చదివే నీ ఫ్లో సెల్‌లో అదే జరుగుతోంది. కాంతి దారిలోంచి బుడగ వెళ్లిన ప్రతిసారీ ఒక సూది. రియేజెంట్లు, క్యారియర్ (శాంపిల్‌ని మోసుకెళ్లే ద్రవం) గది వేడికి వచ్చాక వాక్యూమ్ కిందో, సోనికేటర్‌లోనో గాలి తీసెయ్. ఫ్లో సెల్ బయటి వైపు సన్నటి ట్యూబు ఒక ముక్క తగిలించు, ఆ కాస్త ఒత్తిడికి గాలి కరిగే ఉంటుంది. కాడ్మియం కాలమ్‌లోకి మాత్రం గాలి అస్సలు పోనివ్వకు, పోయిందంటే కాలమ్ పని పడిపోతుంది.

తమాషా ఏంటంటే ఈ బుడగల్నే ఒకప్పుడు కావాలని పెట్టేవారు. 1957లో అమెరికాలో స్కెగ్స్ అనే ఆయన రక్త పరీక్షల కోసం చేసిన పద్ధతిలో శాంపిళ్ల మధ్య వరసగా గాలి బుడగలు పంపేవాడు, ఒక శాంపిల్ ఇంకోదాంట్లో కలవకుండా. టెక్నికాన్ ఆటోఅనలైజర్ అట్లా వచ్చిందే. 1975లో డెన్మార్క్‌లో రుజిచ్‌కా, హాన్సెన్ బుడగలే వద్దన్నారు, పారే ద్రవంలోకి శాంపిల్‌ని సూటిగా ఎక్కించి ఎంత కలిస్తే అంత కలవనిచ్చారు.

నీ అర నిమిషం భయానికి జవాబు కూడా అందులోనే ఉంది. సాగర్ ఎడమ కాలువలో ఒక బిందె సున్నపు నీళ్లు గుమ్మరించావనుకో. తెల్లటి మచ్చ పరుచుకుంటూ పోతుంది. ప్రవాహం మారకపోతే, ఫలానా తూము దగ్గరికి వచ్చేసరికి ఎన్నిసార్లు పోసినా అంతే పరుచుకొని ఉంటుంది, అంతే సమయానికి వస్తుంది. స్టాండర్డ్‌కీ శాంపిల్‌కీ సగం రంగే వచ్చినా, రెండింటికీ అదే సగం వస్తే చాలు. రంగు పూర్తయిందా లేదా అన్నది బీకర్ భాష. ఇక్కడ ఫ్లో, లూప్, శాంపిల్‌నీ రియేజెంట్‌నీ కలిపే ట్యూబు చుట్ట పొడవు, వేడి, ఇవి కదలకుండా ఉన్నాయా అన్నదే చూడాలి. అందుకే గది వేడి మధ్యాహ్నానికి మారితే మళ్లీ ఒక స్టాండర్డ్ పెట్టి చూడు. పది శాంపిళ్లకు ఒకటి పెట్టినా తప్పు లేదు.

మూడో_కన్ను:

కొమ్ముల సంగతి నేను చెప్తా, నాకూ అయింది. 300 లూప్ పెద్దది. శాంపిల్ ముక్క అంత పొడవుంటే రియేజెంట్ రెండు చివర్ల నుంచి లోపలికి చేరుతుంది, నడిమధ్యకు సరిపడా అందదు. నైట్రేట్ తక్కువున్నప్పుడు అందిన కొంచెమే చాలు కాబట్టి స్టాండర్డ్‌లో ఏమీ తెలియదు. యూరియా బాగా దిగిన బోరు నీళ్లయితే మధ్యలో రియేజెంట్ అయిపోతుంది, అంచుల్లో రంగు, నడుమ గుంట. పరీక్ష సులువే, అదే శాంపిల్‌ని పదింతలు పలచన చేసి పెట్టు. కొమ్ములు పోయి ఒకే మొన వచ్చిందంటే ఇదే కారణం. లూప్ 100కి తగ్గించు, మిక్సింగ్ చుట్ట కాస్త పెంచు. కొమ్ములున్న పీక్ ఎత్తును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రిపోర్టులో వేయకు, సాఫ్ట్‌వేర్ ఏదో ఒక అంకె ఇచ్చేస్తుంది, దానికి సిగ్గుండదు.

ఇంకోటి, నీ స్టాండర్డ్ నైట్రేట్‌గా రాశావా, నైట్రేట్ నైట్రోజన్‌గా రాశావా? తాగునీటికి మన ప్రమాణాల్లో ఉన్న లీటరుకు 45 మిల్లీగ్రాములు నైట్రేట్ లెక్క, నైట్రోజన్‌గా చూస్తే సుమారు 10. రెండింటికీ మధ్య 4.43 రెట్లు. ఈ ఒక్క చోటే ఎంతమంది బోల్తా పడ్డారో.

నల్లగొండ_ల్యాబ్:

సార్, అన్నలూ, దండాలు. రియేజెంట్లు ఫ్రిజ్‌లోవే, ఎట్లా కనిపెట్టారు సార్! నిన్న పొద్దున్నే బయట పెట్టి, గాలి తీసి నడిపించా, సాయంత్రం నాలుగింటి దాకా రెండే సూదులు. పదింతలు పలచన చేస్తే కొమ్ములు పోయాయి. లూప్ ఇంకా రాలేదు, అప్పటిదాకా పలచన చేసే నడిపిస్తున్నా. కాలమ్ మాత్రం అనుమానంగా ఉంది. సమాన నైట్రోజన్ ఉన్న నైట్రైట్, నైట్రేట్ స్టాండర్డ్‌లు పక్కపక్కన పెడితే నైట్రేట్ పీక్ డెబ్బై శాతమే వచ్చింది. ఫ్లోరైడ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

పాత_లెక్చరర్:

డెబ్బై అంటే కాలమ్ పని పడిపోయినట్టే, గాలి పోయి ఉండొచ్చు. తీసి కడిగి, రాగి పూత మళ్లీ వేసి నింపుకో. తొంభై దాటితేనే నడుపు. ఆ కడిగిన నీళ్లు సింకులో పోయకు, కాడ్మియం విషం, వేరే డబ్బాలో పట్టు.

ఫ్లోరైడ్‌ని ఫ్లోలో చేయొచ్చు. జిర్కోనియం రంగుతో చేస్తే పీక్ కిందికి దిగుతుంది, ఎందుకంటే ఫ్లోరైడ్ ఆ రంగును తినేస్తుంది. కానీ మీ జిల్లాలో ఒక చిక్కుంది. నీరీ (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు ఫ్లోరైడ్ తీసేయడానికి తెచ్చిన నల్గొండ టెక్నిక్‌లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడతారు. అట్లా శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం మిగిలితే అది ఫ్లోరైడ్‌ని పట్టుకొని దాచేస్తుంది, రంగు పద్ధతిలో లెక్క తప్పుతుంది. ముందు డిస్టిలేషన్ చేస్తే తప్ప నమ్మలేం. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో చెయ్. సీడీటీఏ (లోహాల్ని పట్టుకునే రసాయనం) ఉన్న టిసాబ్ బఫర్‌ని శాంపిల్‌కి సమానంగా కలిపితే అది అల్యూమినియాన్ని పక్కకు లాగుతుంది. రోజుకు ముప్పై నలభై శాంపిళ్లకు బీకరు, స్టిరరు, ఎలక్ట్రోడు చాలు. మీ ఓనర్‌కి మెషిన్ డబ్బులు రాబట్టాలని ఉంటుంది, నైట్రేట్‌తో రాబట్టుకోమను.

నల్లగొండ_ల్యాబ్:

సరే సార్. ఇన్నాళ్లు ఆ కాలమ్ నీళ్లు ఎక్కడ పోశామో అడగకండి. రేపే డబ్బా కొంటా.